ఆవిరి ముందు, చప్పుడు వెనక

శనివారం సాయంత్రం బోధన్ ఫ్యాక్టరీ మైదానంలో ఏం జరిగిందో పోయిన వారం చదివినవారికి తెలుసు. చదవనివారి కోసం నాలుగు మాటలు. షీల్డు సెమీఫైనల్లో చక్కెర ఫ్యాక్టరీ జట్టు, నిజామాబాద్ జట్టు చెరో గోలుతో సమానంగా ఉన్నాయి. ఆట ముగియడానికి ఇంకా నాలుగు నిమిషాలుంది. నిజామాబాద్ ఆటగాడొకడు ముప్పై గజాల దూరం నుంచి, పెద్దగా ఆశ లేకుండానే, ఒక బంతి తన్నాడు. ఫ్యాక్టరీ గోల్‌కీపర్ దేవయ్య దాన్ని పట్టడానికి చేతులు చాచాడు. చాచినవాడు ఉన్నట్టుండి చేతులు దించేశాడు. బంతి అతని మోకాలి పక్క నుంచి దొర్లుకుంటూ వలలోకి పోయింది. ఆ తర్వాత ఫ్యాక్టరీ భోంగా కూసింది.

అది ఐదు గంటలకు, షిఫ్టు మారే వేళ, కూయవలసిన సైరన్. ఆ రోజు పది నిమిషాలు ముందే కూసింది. కానీ అప్పుడు ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. నాలుగు వేలమంది కళ్లు దేవయ్య చేతుల మీదే ఉన్నాయి.

"అమ్ముడువోయిండు!" అని ఎవరో అరిచారు. ఆ మాట మైదానం చుట్టూ తిరిగి, గేటు ముందు ఆగిన చెరుకు బండ్ల వరుస వెంట పోయి, దీపాలు పెట్టే వేళకు ఊరంతా చేరింది. ఆదివారం ఉదయం చర్చిలో దేవయ్య కూర్చున్న చాప మీద నుంచి ఇద్దరు లేచి వేరే చాప మీదికి పోయారు. ఆదివారం సాయంత్రం జట్టు కోచ్ ముత్తన్న ఇంటికి ఫ్యాక్టరీ జవాను ఒక కాగితం తెచ్చాడు. అక్కడ మనం ఆగాం.

ఆ కాగితం పంపింది వెల్ఫేర్ ఆఫీసరు బాపురావు. ఆటల క్లబ్బుకు కార్యదర్శి కూడా ఆయనే. ఇంగ్లీషులో టైపు కొట్టిన నాలుగు వాక్యాలు. పక్క క్వార్టరులోని గుమాస్తా చదివి చెప్పాడు. గోల్‌కీపర్ దేవయ్య కావాలనే చేతులు దించి గోలు ఇచ్చాడని కోచ్ ముత్తన్న ధ్రువపరుస్తున్నాడట. సోమవారం మధ్యాహ్నం పన్నెండు లోగా సంతకం పెట్టి ఇవ్వాలట.

సంతకం పెడితే ఏమవుతుందో చదువురానివాడికి కూడా తెలుసు. దేవయ్య బాయిలర్ దగ్గర టెంపరరీ కూలీ. వచ్చే నెల పర్మినెంటు కావలసినవాడు. ఆ సంతకంతో నౌకరి పోతుంది, తల్లి యేసమ్మ తలదాచుకున్న ఒంటి గది క్వార్టరు పోతుంది, ఇక ఏ జట్టూ అతన్ని గోలులో నిలబెట్టదు. అన్నిటికన్నా ముందు పేరు పోతుంది. సంతకం పెట్టకపోతే పోయేది ముత్తన్న ఉద్యోగం. ఆ మాట కాగితంలో లేదు. జవాను నోటితో చెప్పి పోయాడు.

*

సోమవారం తెల్లవారి ముత్తన్న స్నానం చేసి దేవుడి గూటి ముందు నిలబడ్డాడు. చేతులు జోడించాడు గానీ ఏం అడగాలో తోచలేదు. దేవయ్యను కాపాడమని అడుగుదామంటే, దేవయ్య నిజంగా తప్పు చేసి ఉంటే? తప్పు చేసినవాణ్ని కాపాడమని దేవుణ్ని అడగవచ్చా? చేశాడో లేదో చెప్పమని అడుగుదామంటే, అది దేవుడి పనా, కోచ్ పనా?

"రాతిబొమ్మ లెక్క నిలవడ్డవేంది?" అంది వెనక నుంచి భార్య రాధాబాయి. "చాయ్ సల్లారుతున్నది."

"నాకేం సమజ్ అయితలేదు."

"ఏం సమజ్ గావాలె? పోరడు మంచోడా కాదా, గంతే గదా."

"మంచోడే. గని చేతులు ముందుగాల దిగినయ్. భోంగా యెన్క కూసింది. నా రెండు కండ్లతోని సూసిన. ప్రాక్టీసుల లెక్క భోంగా ఇని ఆగిండు అందామంటె, ఇనకముందే ఎట్ల ఆగిండు?"

ఆ ముందూ వెనకలే రెండు రోజులుగా అతణ్ని తినేస్తున్నాయి. శనివారం ఆట అయిన వెంటనే ఒకరిద్దరితో భోంగా మాట ఎత్తాడు. "చేతులు దించినంక మోగిందన్నా భోంగా, గుడ్డోళ్లమనుకున్నవా?" అని నవ్వారు. నిజానికి వాళ్లు గుడ్డివాళ్లు కారు. వాళ్లు చూసిందే ముత్తన్నా చూశాడు.

రాధాబాయి చాయ్ గ్లాసు చేతికిచ్చింది. "నీ కండ్లు సూసింది అడ్గుతున్నవు. వాణ్ని అడిగినవా?"

అడగలేదు. రెండు రోజులుగా దేవయ్య ఇంటి వైపు పోలేదు. పోతే ఏం వినవలసి వస్తుందోనని భయం. ఆ మాట భార్యకు చెప్పకుండా చాయ్ తాగి, చెప్పులు తొడుక్కున్నాడు.

ముత్తన్నది ముప్కాల్ ఊరు. పసుపు పండించే ఇల్లు. 1956లో నిజామాబాద్ మైదానంలో వట్టి కాళ్లకు గుడ్డ పట్టీలు చుట్టుకుని ఆడుతుంటే హైదరాబాద్ నుంచి వచ్చిన ఉస్తాద్ ఒకాయన చూసి వెంట తీసుకుపోయాడు. అక్కడ నాలుగేళ్లు, కలకత్తాలో మూడేళ్లు హాఫ్‌బ్యాక్‌గా ఆడాడు. ఎడమ మోకాలు చెడి వెనక్కి వచ్చాడు. పసుపు తవ్వడానికి వంగని ఆ మోకాలిని ఫ్యాక్టరీ వాళ్లు కోచ్ పనికి పిలిచారు. మూడేళ్లలో, చెరుకు తూచే కూలీలను, బాయిలర్ కూలీలను పట్టుకుని ఒక జట్టు చేశాడు. ఈ 1968 ఫిబ్రవరిలో అది షీల్డు ఫైనల్‌కు నాలుగు నిమిషాల దూరంలోకి వచ్చింది.

హైదరాబాద్ ఉస్తాద్ చెప్పిన మాట ఒకటి అతని మనసులో పాతుకుపోయింది. "గెలిస్తే పోరలు గెలిచిండ్రను. ఓడితే నేను ఓడిన అను. గట్ల అనలేనోడు ఉస్తాద్ గాడు, మేస్త్రి."

*

యేసమ్మ గడప దగ్గర కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ముత్తన్నను చూసి చేట పక్కన పెట్టింది.

"దేవయ్య లేడా అవ్వా?"

"ఏడుగొట్టంగనే జవాను అచ్చి తోల్కవోయిండు బాపూ. బాపురావు సాబ్ పిల్సిండంట. కుర్సీ మీద కూసోవెట్టి మాట్లాడ్తడంట. మా ఇంట్ల ఎవ్వన్ని ఎవ్వలు కుర్సీ మీద కూసోవెట్టిండ్రు ఇంతవరకు?" అని, ఆ సంగతి మంచిదో చెడ్డదో తేల్చుకోలేనట్టు అతని ముఖంలోకి చూసింది. "నువ్వు జెప్పు. నా కొడుకు అమ్ముకున్నడా?"

ముత్తన్న చూపు చేటలోని బియ్యం మీదికి తిప్పాడు.

"నేను అడిగిన," అంది యేసమ్మ. "బైబిల్ మీద చెయ్యి పెట్టమన్న. పెట్టిండు. 'అవ్వా, నేను దించలే, గవే దిగినయ్' అన్నడు. చేతులు గవే ఎట్ల దిగుతయ్ బిడ్డా అంటె, 'గదే నాకు ఎర్కలేదే' అని ఏడ్సిండు. ఇరవై మూడేండ్ల మొగోడు."

"సాబ్ దగ్గర ఏం జెప్తడు?"

"ఏం జెప్తడు, నిజమే జెప్తడు. ఇంక వేరే ఏమొస్తది వానికి?"

ముత్తన్న అక్కడి నుంచి మైదానం వైపు నడిచాడు. ఆఫీసుకే పోదామనుకున్నవాడు. కానీ ఆ మాట, గవే దిగినయ్ అన్న మాట, అతని కాళ్లను అటు తిప్పింది.

మైదానంలో ఎవరూ లేరు. శనివారం నాటి సున్నపు గీతలు ఇంకా చెరగలేదు. ఉత్తరం వైపు గోలులోకి పోయి, సరిగ్గా దేవయ్య నిలబడే చోట నిలబడ్డాడు. మూడేళ్లలో అతను ఆ చోట నిలబడటం అదే మొదటిసారి. కోచ్ ఎప్పుడూ పక్క గీత మీదే ఉంటాడు, చూపు బంతి మీద పెట్టి. ఇక్కడి నుంచి చూస్తే ఎదురుగా, అర మైలు అవతల, చెరుకు బండ్ల మీదుగా ఫ్యాక్టరీ కప్పు, దాని మీద భోంగా గొట్టం కనిపిస్తున్నాయి.

ఎనిమిది కావస్తోంది, పొద్దుటి భోంగా వేళ. ముత్తన్న కలకత్తాలో కొన్న చేతి గడియారం చూసుకున్నాడు. తలెత్తాడు. భోంగా గొట్టం నుంచి తెల్లటి ఆవిరి బుస్సున పైకి లేచింది. చప్పుడు లేదు. ఒకటి. రెండు. అప్పుడు వచ్చింది కూత.

ముత్తన్న తన రెండు చేతులూ చాచి, దించి చూశాడు.

ఆవిరి ముందు, చప్పుడు వెనక. బాయిలర్ దగ్గర పనిచేసేవాడికి ఇది కొత్త సంగతి కాదు. ముత్తన్నకూ తెలియనిది కాదు. ఈ సంగతితోనే కదా అతను మూడేళ్ల కింద ఒక నియమం పెట్టాడు! కూతకు ఆట ఆపడం గుర్తుంది గానీ, ఆవిరి మాట చెప్పినవాడే మరిచిపోయాడు.

ఆ రోజుల్లో సాధన మూడున్నర నుంచి ఐదు వరకు. ఐదింటి పాళీకి పోవలసిన ఆటగాళ్లు భోంగా కూయగానే గేటుకు పరుగెత్తాలి. పది నిమిషాల్లో గేటు మూస్తారు. మొదటి నెలలో ఆట మోజులో ముగ్గురికి గైరుహాజరు పడింది. ఫుట్‌బాల్ హాజరీ తింటున్నదని బాపురావు క్లబ్బు మూసేస్తానన్నాడు. అప్పుడు ముత్తన్న జట్టును నిలబెట్టి చెప్పాడు: భోంగా కూస్తే బంతి ఎక్కడుంటే అక్కడ వదిలెయ్యాలి, గోలు ముందున్నా సరే. ఆటగాళ్ల అరుపుల్లో కూత ఒక్కోసారి వినబడదు. అందుకని ఫ్యాక్టరీ ఎదురుగా నిలబడే దేవయ్యకు కాపలా అప్పజెప్పాడు. "ఆవిరి కనవడంగనే చేతులు దించు. నీ చేతులు దిగితే ఆట బంద్." మొదటి వారం దేవయ్య మరిచిపోయి రెండుసార్లు బంతి పట్టాడు. ముత్తన్న అతన్ని మైదానం చుట్టూ పది చుట్లు పరుగెత్తించాడు. మళ్లీ మరిచిపోలేదు. రోజూ, మూడేళ్లు.

మనం పిల్లలకు చెప్పే చాలా సంగతులు ఇలాగే ఉంటాయేమో. చెప్పినవాళ్లం మరిచిపోతాం. విన్నవాళ్ల చేతుల్లో అవి ఉండిపోతాయి.

షీల్డు ఆటలు ఐదుకు ముందే ముగిసేలా పెట్టుకున్నారు కనుక ఆ ప్రమాదం ఎన్నడూ రాలేదు. శనివారం భోంగా వేళ తప్పింది. దేవయ్య బంతి కోసం చేతులు చాచాడు, బంతికి అవతల ఆవిరి లేచింది, చేతులు దిగాయి. అమ్ముకోలేదు. మరి భోంగా పది నిమిషాలు ముందు ఎందుకు కూసింది?

*

భోంగా గొలుసు లాగేది హన్మండ్లు. ముప్పై ఏళ్లుగా అదే పని. చెవులు సగం పోయాయి కనుక అందరితో అరిచే మాట్లాడతాడు. ముత్తన్న పోయేసరికి బాయిలర్ షెడ్డు బయట చెరుకు పిప్పి కుప్ప నీడన కూర్చుని జొన్న రొట్టె తింటున్నాడు.

"రా రా, కలకత్తా! మా ఆటను నిజామాబాదోళ్లకు తాంబూలంల పెట్టిస్తివి గదా!"

"కాకా, మెల్లగ మాట్లాడు."

"మెల్లగ మాట్లాడితె నాకే ఇనరాదు."

ముత్తన్న అతని చెవి దగ్గరికి వంగాడు. "శనివారం భోంగా పది నిమిషాలు ముందుగాల ఎందుకు గుంజినవు?"

హన్మండ్లు నమలడం ఆపాడు. చుట్టూ చూశాడు. ఈసారి నిజంగానే గొంతు తగ్గింది.

"ఎవలు జెప్పిండ్రు నీకు?"

"నా గడియారం జెప్పింది."

"గడియారానికి నౌకరి లేదు. నాకున్నది."

"కాకా, దేవయ్య నీ చేతి కింద పోరడు. వాని మీద మచ్చ వడ్తున్నది. ఎందుకు గుంజినవో చెప్పు, చాలు."

హన్మండ్లు రొట్టె ముక్కను ఆకులో చుట్టి పక్కన పెట్టాడు. "ఫోనచ్చింది. ఆఫీసు ఫోను. ఆట సూడనీకి హైదరాబాద్ నుంచి పెద్ద సాబ్ అచ్చిండు గద. ఐదుగొట్టంగ మోటర్ల పోతడంట. గప్పుడే పాళీ ఇడిస్తె వెయ్యిమంది కూలోళ్లు, చెరుకు బండ్లు, రోడ్డంత ఆగమాగం అయితది. పది నిమిషాలు ముందుగాల గుంజు, రోడ్డు ఖాళీ గావాలె అన్నడు."

"ఎవలన్నరు?"

"బాపురావు సాబే. గొంతు నాకు ఎర్క. చెవిటోనికి ఒక్కటే ఫాయిదా, ఫోనుల సాబ్ సుత గట్టిగ ఒర్రుతడు."

ముత్తన్న పక్కనే ఉన్న ఇటుకల మీద కూర్చున్నాడు. పెద్ద సాబు మోటారుకు దుమ్ము తగలకూడదని ఒక ఫోను. అంతే. దానిలో కుట్ర కూడా లేదు. ఆటను ఓడించాలని బాపురావు అనుకోలేదు. కానీ ఓడిపోయింది. పైవాళ్లు ఎందుకు ఓడిందని అడుగుతారు. భోంగా ఎవరు కూయించారని అడగకముందే ఒక దోషి దొరకాలి.

"కాకా, గీ మాట కాయితం మీద రాసియ్యి. లేకుంటె సాబ్ ముందల అను."

"నాలుగు నెల్లల్ల రిటైరు అయిత బిడ్డా. ఇద్దరు ఆడివిల్లలు పెండ్లికున్నరు. గంగమ్మ తల్లి సాచ్చి, నీకు జెప్పిన. ఇంకెవ్వలకు జెప్ప. నా పేరు నీ నోట రావద్దు. మాటియ్యి."

షెడ్డు లోపల బొగ్గు పారల చప్పుడు. చివరికి ముత్తన్న చెయ్యి చాచాడు. హన్మండ్లు ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని కళ్లకు అద్దుకున్నాడు.

ఒకరి పేరు నిలబెట్టడానికి వచ్చినవాడు, ఇంకొకరి పేరు చెప్పనని మాట ఇచ్చి లేచాడు. అది తప్పని అనడానికి నాకు నోరు రాదు.

*

బాపురావు గది బయట వరండాలో బల్ల మీద దేవయ్య కూర్చుని ఉన్నాడు. ముత్తన్నను చూడగానే లేచి నిలబడ్డాడు. రెండు రోజులుగా ముడుచుకుని ఉన్న ముఖం ఇవాళ కొంచెం విప్పారినట్టుంది. ఏదో చెప్పబోయాడు. జవాను తలుపు తీసి, "కోచ్ సాబ్ లోపలికి రండ్రి" అన్నాడు.

"రా ముత్తన్నా, కూసో," అన్నాడు బాపురావు. దెగ్లూరు వైపు మనిషి. తెలుగు మాట్లాడినా మాట చివర మరాఠీ దీర్ఘం పోదు. "కాయితం తెచ్చినవా?"

ముత్తన్న టైపు కాగితం బల్ల మీద పెట్టాడు. సంతకం లేదు.

"నేను చెయ్య సాబ్. దేవయ్య అమ్ముకోలే."

"అరె బాబా, నాలుగు వేలమంది చూసిండ్రు. చేతులు దించినంక భోంగా అయింది."

"చేతులు దించినంకనే అయింది. ఎందుకంటె వాడు చప్పుడు ఇనలే, ఆవిరి చూసిండు. ఆడికెల్లి చూస్తె ఆవిరి ముందుగాల అగుపడ్తది, చప్పుడు రెండు లెక్కలు ఆగి అస్తది. మీరు అచ్చి నిలవడి చూడుండ్రి. నేను పొద్దుగాల చూసిన."

బాపురావు కుర్చీలో వెనక్కి వాలాడు. కోపం రాలేదు. ఆసక్తిగా అడిగాడు: "ఆవిరి చూస్తే చేతులు ఎందుకు దించాలె?"

ముత్తన్న అంతా చెప్పాడు. మూడేళ్ల కిందటి గైరుహాజరు సంగతి, తాను పెట్టిన నియమం, పది చుట్ల పరుగు, ఏదీ దాచలేదు. "వాని తప్పు ఇసుమంత లేదు సాబ్. నేను నేర్పింది వాడు చేసిండు. ఆట పోయింది నా వల్ల."

"మరి భోంగా ముందుగ ఎట్ల అయింది?" అని బాపురావు చాలా నెమ్మదిగా అడిగాడు. "దాని గురించి నీకు ఎవరన్న ఏమన్న చెప్పిండ్రా?"

ముత్తన్న అతని కళ్లలోకి చూశాడు. ఆ కళ్లు రెప్ప వేయలేదు. ఇద్దరికీ తెలుసు. ఒకరికి తెలుసునని ఇంకొకరికీ తెలుసు. నాలుక చివరి దాకా వచ్చిన మాటను ముత్తన్న మింగాడు. హన్మండ్లుకు ఇచ్చిన మాట అడ్డు నిలిచింది.

"గడియారం చూసుకున్న. గంతే తెలుసు."

బాపురావు ముఖంలో బిగువు సడలింది. "ఠీక్ హై. నువ్వు మంచోనివి ముత్తన్నా. పోరని కోసం జిమ్మెదారి నీ మీద ఏసుకుంటున్నవు. అట్లయితే టైపు కాయితం తీసేద్దాం. నువ్వే రాసియ్యి. తెలుగులోనే రాయి."

తెల్ల కాగితం, పెన్ను ముందుకు జరిగాయి. ముత్తన్న చదువుకున్నది నిజాం కాలపు ఉర్దూ బడిలో, ఐదు జమాతులు. తెలుగు రాత తర్వాత సొంతంగా నేర్చుకున్నాడు. ఒక్కో అక్షరం నాటు వేసినట్టు వేస్తాడు. 'మూడేండ్ల కింద' అని మొదలుపెట్టి ఆగాడు.

"గంత కత కాయితం మీద ఎందుకు?" అన్నాడు బాపురావు. "కమిటీ వాళ్లు చదువుతరా? ఆవిరి, చప్పుడు, హాజరీ అన్నీ వాళ్ల ముందర నోటితోని చెప్పు, నేనే నిన్ను పిలిపిస్త. కాయితానికి మతలబు చాలు. చేతులు దించమని నువ్వు చెప్పినవు. వాడు దించిండు. తప్పు నీది. అంతే కదా?"

అంతే. ముత్తన్న ఆలోచించి చూశాడు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఓడితే నేను ఓడిన అను. ఉస్తాద్ చెప్పింది చేయడానికి ఇంత తేలికైన దారి దొరుకుతుందని అతను అనుకోలేదు. మొదలుపెట్టిన మాట కొట్టేసి, మెల్లగా రాశాడు:

'గోల్‌కీపర్ దేవయ్యను చేతులు దించమని చెప్పింది నేనే. వాడు నా మాట ప్రకారం చేసినాడు. తప్పు నాది.'

కింద పేరు రాశాడు. తేదీ వేశాడు. మనసు తేలికపడింది. దేవయ్య నౌకరి నిలిచింది, యేసమ్మ గది నిలిచింది అనుకున్నాడు.

బాపురావు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. తర్వాత సొరుగు తెరిచి ఇంకో కాగితం తీశాడు. వంకర టింకర అక్షరాలు. చర్చి బడిలో నేర్చిన రాత. దాన్ని ముత్తన్న వైపు తిప్పి పెట్టాడు.

'నన్ను చేతులు దించమని చెప్పింది ముత్తన్న ఉస్తాద్. ఆయన చెప్పినందుకే దించిన. దేవుని సాక్షిగా నిజం. ఇట్లు దేవయ్య.'

"పొద్దున నేను వాణ్ని ఒక్కటే సవాల్ అడిగిన," అన్నాడు బాపురావు. "చేతులు దించాలని నీకు ఎవరు చెప్పిండ్రు అని. వాడు చాలాసేపు ఆలోచన చేసిండు. తర్వాత మొఖం వెలిగింది. 'ఇప్పుడు యాదికొచ్చింది సాబ్' అన్నడు. రాసిచ్చిండు."

ముత్తన్న రెండు కాగితాలనూ పక్కపక్కన చూశాడు. ఒకే మాట. రెండూ నిజం. ఆవిరి ఏది? భోంగా ఏది? మైదానం చుట్టూ పది చుట్లు పరుగెత్తిన కుర్రవాడు ఏడి? అవేవీ కాగితం మీద లేవు. ఉన్నది ఒక్కటే. కోచ్ చెప్పాడు, గోల్‌కీపర్ గోలు ఇచ్చాడు.

"సాబ్, నా కాయితం నాకియ్యుండ్రి. మొత్తం రాసిస్త."

"కమిటీ ముందర చెప్పు అన్న కదా."

"ఇయ్యుండ్రి సాబ్!" ముత్తన్న లేచి చెయ్యి చాచాడు. మోకాలు బల్లకు తగిలి కలుక్కుమంది. బాపురావు రెండు కాగితాలూ కలిపి గుండుసూది గుచ్చి సొరుగులో పెట్టి, తాళం తిప్పాడు.

"భోంగా ఎవరు చేయించిండ్రు అంటే నోటి మాట ముత్తన్నా. దానికి కాయితం లేదు. దీనికి ఉన్నది. పైవాళ్లు కాయితం చూస్తరు." ఆ మాట అంటున్నప్పుడు అతను ముత్తన్న వైపు చూడలేదు. టెలిఫోన్ ఎత్తాడు. "నిజామాబాద్ ఇయ్యి. షీల్డు కమిటీ చైర్మన్ సాబ్ ఇంటికి... ఆఁ, అర్జెంటు. తర్వాత పోలీస్ ఠాణా లైన్లో ఉంచు."

నిజం చెప్పినవాణ్ని దేవుడు విడవడని మనం నమ్ముతాం. నేనూ నమ్ముతాను. కానీ ఆ గదిలో ఇద్దరు నిజమే రాశారు. అది అబద్ధంగా మారడానికి ఒక గుండుసూది సరిపోయింది. దీన్ని ఎవరికి చెప్పుకోవాలో నాకు తెలియదు.

ముత్తన్న గోడ పట్టుకుని బయటికి వచ్చాడు. వరండాలో దేవయ్య ఎదురొచ్చాడు. లోపలి సంగతి ఏదీ అతనికి తెలియదు. రెండు రోజుల తర్వాత మొదటిసారి నవ్వుతున్నాడు.

"ఉస్తాద్, యాదికొచ్చింది! నేను అమ్ముకోలే. చేతులు ఎందుకు దిగినయో యాదికొచ్చింది. సాబ్‌కు రాసిచ్చిన. ఒక్క మాట అబద్ధం జెప్పలే."

గది లోపల నుంచి బాపురావు గొంతు ఫోనులో వినిపిస్తోంది. "అవును సాబ్, ఇద్దరూ ఒప్పుకున్నరు. ఇద్దరి దస్తఖత్ ఉన్నది."

దేవయ్య నవ్వు అలాగే ఉంది గానీ కళ్లు తలుపు వైపు తిరిగాయి. "ఇద్దరంటె ఎవలు ఉస్తాద్?"

ముత్తన్న అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు అబద్ధం జెప్పలే బిడ్డా," అన్నాడు. "నేను సుత జెప్పలే."